దారం కొరికిన పళ్ళు

ఎముకలంటే నిదియా తుస్‌కు భయం లేదు. ఆమెకు తిండి పెట్టేవే అవి. కాంపెచే రాష్ట్రం దక్షిణాన అడవుల్లో, ఎప్పుడో తన మాయా పూర్వీకులే కట్టుకుని వదిలేసి వెళ్ళిన నగరాల్లో, సమాధుల్లోంచి బయటపడిన ఎముకల్ని కుంచెతో శుభ్రం చేసి, ఆడో మగో, వయసెంతో తేల్చి చెప్పడం ఆమె పని. సంతలో బొప్పాయి ఎంచినంత మామూలుగా పుర్రెను అటూ ఇటూ తిప్పి చూస్తుంది. ఆమెకు భయమల్లా ఒక్కరి ఎముకలంటేనే. అవి వాళ్ళ అమ్మవి.

వాళ్ళ ఊరు పొముచ్. అక్కడ చనిపోయినవాళ్ళని పాతిపెట్టి చేతులు దులుపుకోరు. మూడేళ్ళయ్యాక పైకి తీసి, చెక్కపెట్టెలో సర్ది, శ్మశానంలో గూట్లో పెడతారు. ఏటా అక్టోబరు చివర్లో, పోయినవాళ్ళు ఇంటికి భోజనానికి వచ్చే పండుగ ముందు, పెట్టె తెరిచి ఎముకలు తుడిచి, పువ్వులూ పేరూ కుట్టిన కొత్త గుడ్డ పరుస్తారు. విందుకు వచ్చే మనిషికి స్నానం, కొత్త బట్టలు వద్దా మరి? నిదియా వాళ్ళమ్మ ఎర్మీలాకు మాత్రం ఆ ముచ్చటంతా ఆవిడ చెల్లెలు ఫెలీపాయే తీరుస్తోంది. కూతురు ఏటా ఏదో ఒక వంక చెప్పేది. ఒకసారి వానలంది, ఒకసారి జీపు చెడిపోయిందంది, ఇంకోసారి పని తెమలలేదంది.

అసలు సంగతి వేరు. తన కళ్ళ సంగతి నిదియాకు తెలుసు. పెట్టె మూత తీయగానే అవి పని మొదలుపెడతాయి. 'ఆడమనిషి, అరవై దాటింది, నడుం వంగింది' అని చెప్పేస్తాయి. అమ్మ ముఖం ఇంకా ఆమె మనసులో చెక్కుచెదరకుండా ఉంది. కుట్టుగుడ్డ ఒళ్ళో పెట్టుకుని, దారాన్ని ముందుపళ్ళతో టక్కున కొరికి తలెత్తి చూసే ముఖం అది. "కత్తెర పక్కనే ఉందిగా అమ్మా! పళ్ళు అరిగిపోతాయి" అని చిన్నప్పటి నుంచీ నిదియా పోరు పెట్టేది. "నా పళ్ళు, నా ఇష్టం" అనేది ఎర్మీలా, పెదవి మీద దారపు పోగుతోనే. ఒకసారి పుర్రెను చూశాక ఆ ముఖం మళ్ళీ గుర్తు రాకపోతే? అమ్మ కూడా తన బల్ల మీది ఎముకల్లో ఒకటైపోతే? ఆ భయంతోనే ఆమె పండుగకు ఊరికి పోవడం మానేసింది.

ఆ ఏడు పండుగకు ముందు అడవిలో ఒక సమాధి బయటపడింది. తవ్వకాల పెద్ద డాక్టర్ అర్రియాగా తల లోపలికి పెట్టి చూసి నిట్టూర్చాడు. మంచివాడే గానీ తొందర మనిషి.

"దొంగలు దూరారమ్మా. ఎముకలన్నీ కలగాపులగం చేసి పోయారు. అలాగే రాసేసి మూసేద్దాం."

నిదియా మోకాళ్ళ మీద లోపలికి పాకి, దీపం పెట్టి చూసింది. కలగాపులగం ఎక్కడుంది? తొడ ఎముకలు, కాళ్ళ ఎముకలు అడుగున ఉన్నాయి. వాటి మీద చేతులవి, పక్కటెముకలు ఉన్నాయి. వేళ్ళ ఎముకలన్నీ ఏరి ఒక మట్టిగిన్నెలో పోసి ఉన్నాయి. అన్నిటి మీదా పుర్రె, ముఖం ద్వారం వైపు తిప్పి ఉంది. ఎముకల మీద కుంకుమలా ఎర్రటి పొడి. ఆ పొడి కీళ్ళ లోపలి అంచుల్లో కూడా ఉంది. ఒంటి మీద కండ ఉన్నంతకాలం అక్కడికి ఎవరి చెయ్యీ పోదు.

"డాక్టర్‌గారూ, దొంగలు ఎత్తుకుపోతారు గానీ ఇంత పొందిగ్గా సర్దిపెట్టి పోతారా? పచ్చరాళ్ళ పూసలు కూడా ఇక్కడే ఉన్నాయి."

"మరెవరంటావ్?"

"ఇంట్లోవాళ్ళే. పాతిపెట్టాక ఎప్పుడో మళ్ళీ తెరిచి, శుభ్రం చేసి, రంగద్ది పెట్టారు. మా ఊళ్ళో ఇలాగే సర్దుతారు. పెద్దవి అడుగున, తల పైన, బయటికి చూస్తూ."

అర్రియాగా గొంతుక్కూర్చున్నాడు. ఆయనకు నిజంగానే ఆసక్తి కలిగింది. "మీ ఊళ్ళో కూడా చిన్న ఎముకలు విడిగా గిన్నెలో పోస్తారా?"

"అది... మా పిన్ని చేస్తుంది. నేనెప్పుడూ..."

"నువ్వెప్పుడూ చెయ్యలేదా? పొముచ్‌లో పుట్టి?" ఆయన మాటలో ఎగతాళి లేదు, ఆశ్చర్యమే. "అయితే వెళ్ళు. పండుగ ఈ వారమేగా. నీ చేత్తో చేసి వచ్చి చెప్పు, నువ్వన్నట్టే రాస్తాను. విన్నమాట మీద నేను రాయలేను. లేదంటే దొంగలే."

నిదియా పుర్రె వైపు తిరిగింది. పై వరస ముందుపంటి అంచున సన్నటి గాడి కనిపించింది. ఏళ్ళ తరబడి పోగులు కొరికితే పడే గాడి అది. ఈవిడా కుట్టుపనిదే అనుకుంది. పాపం, ఈమె కాలంలో కత్తెర కూడా లేదు. ఎవరో ఇంత ప్రేమగా సర్దిపెడితే దొంగల ఖాతాలో రాసేస్తారా అని ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే బస్సెక్కింది.

పొముచ్‌లో దిగేసరికి రొట్టెల వాసన వీధి చివరి దాకా వచ్చి పలకరించింది. ఫెలీపా గుమ్మంలో నిలబడి ఉంది.

"రా మహారాణీ! మీ పాతకాలం వాళ్ళు సెలవిచ్చారా? మేము చచ్చి వెయ్యేళ్ళయితే గానీ మా మొహం చూడవనుకున్నా."

"పిన్నీ, గుమ్మంలోనే మొదలెట్టకు."

"గుమ్మంలోనే పని చెప్తాను కూడా. మీ అమ్మకు ఈసారి గుడ్డ లేదు."

సగం ఊరి పెట్టెల్లో పరిచిన గుడ్డలు ఎర్మీలా కుట్టినవే. తనకోసం కూడా కొన్ని ముందే కుట్టి ట్రంకుపెట్టెలో దాచుకుంది. ఆఖరిది కిందటేడు అయిపోయింది.

"బజార్లో దొరుకుతాయిగా?"

"మిషను కుట్టువి! వాటిని చూస్తే బతికుండగానే మా అక్కకు ఒళ్ళు మండేది. ఇప్పుడు తీసుకెళ్ళి కింద పరిస్తే ఊరుకుంటుందా? నాకా సూది కన్నం కనబడి చావదు. నువ్వే కుట్టు."

"నాకు రాదే!"

"వచ్చినట్టే కుట్టు. నీ తల్లేగా, పరీక్ష పెట్టదులే."

నిదియా చేతికి అమ్మ ఎన్నడూ సూది ఇవ్వలేదు. పుస్తకం పట్టుకోమనేది. ఇప్పుడు ఆ సూదే వేళ్ళనిండా పొడిచి కసి తీర్చుకుంది. ఆమె కుట్టిన మొదటి పువ్వును ఫెలీపా వెలుతురులో పెట్టి చూసి, "ఇది పువ్వా, ఎవరో తొక్కిన సాలీడా?" అంది. అయినా విప్పనివ్వలేదు. శ్మశానానికి బయల్దేరేసరికి ఎర్మీలా పేరులో చివరి అక్షరం మిగిలిపోయింది. అక్కడే కుట్టవచ్చులే అని సూదీ దారం బుట్టలో వేసుకున్నారు.

శ్మశానం పెళ్ళివారిల్లులా ఉంది. గూళ్ళకు నీలం, గులాబీ రంగులు వేశారు. బకెట్లు, కుంచెలు, కబుర్లు. ఊళ్ళు చూసేందుకు వచ్చినవాళ్ళు కూడా కెమెరాలతో దిగారు. వాళ్ళను వెంటబెట్టుకొచ్చిన కుర్ర గైడు గొంతు పెంచి, "ప్రాచీన మాయా ప్రజలు తమ మృతులను..." అని మొదలుపెట్టాడు.

"ఎవర్రా ప్రాచీనం? పొద్దున మీ అమ్మ కొట్లో రొట్టె కొన్నది నేనేగా!" అంది ఫెలీపా. గైడు సిగ్గుపడి గుంపును పక్క వరసకు తోలుకుపోయాడు.

పెట్టె కిందికి దించారు. నిదియా అలవాటుగా చేతి తొడుగులు తీసింది.

"లోపల పెట్టవే వాటిని. మీ అమ్మకేమన్నా అంటురోగమా? ఊరికే తుడవకు, మాట్లాడుతూ తుడువు. ఎవరొచ్చారో ఆవిడకు తెలియొద్దూ?" అని ఫెలీపా తనే మూత తీసింది. "అక్కా, ఇదిగో వచ్చింది నీ కూతురు. బాగా చిక్కింది, అడవిలో ఏం తింటుందో ఏమో..."

నిదియా కుంచె తీసుకుని కాళ్ళ ఎముకల నుంచి మొదలుపెట్టింది. అనుకున్నంతా అయింది. మోకాలి చిప్పలు అరిగాయని, కుడిభుజం కీలు గరుకెక్కిందని, వెన్నుపూసలు రెండు అతుక్కున్నాయని ఆమె కళ్ళు చెప్పేస్తున్నాయి. అమ్మ చేజారిపోతోంది, ఇక లాభం లేదనుకుంది. ఫెలీపా వేళ్ళ ఎముకలు తుడిచి ఒక ఎండుకాయ డొప్పలో పోస్తోంది. దొర్లిపోకుండా అట. డాక్టర్ అడిగినదానికి జవాబు అదే, అయినా నిదియాకు సంతోషం కలగలేదు.

చివరికి ఫెలీపా పుర్రెను రెండు చేతులతో తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. జడ కొంచెం ఇంకా అంటుకునే ఉంది. నిదియా కళ్ళు మూసుకోవాలనుకుంది, చేతకాలేదు. పాడు అలవాటు, పుర్రెను వెలుతురుకు తిప్పింది. పళ్ళు చూసింది.

పై వరసలో, ముందుపంటి అంచున గాడి ఉంది.

అంతే, అమ్మ వచ్చేసింది. ఒళ్ళో గుడ్డతో, పెదవి మీద పోగుతో, తలెత్తి చూస్తూ, పూర్తిగా వచ్చేసింది. ఏ ముఖం పోతుందని ఇన్నేళ్ళూ ఊరు తప్పించుకు తిరిగిందో ఆ ముఖం ఈ ఎముకల్లోనే ఉంది. అది చూడ్డానికి తన పాడు కళ్ళే పనికొచ్చాయి. నిదియాకు ఏడుపు తన్నుకొచ్చింది, దానితోపాటు ఎప్పటిదో చిరాకు కూడా వచ్చింది.

"నేను చెప్పలేదూ?" అంది పైకే. "కత్తెర పక్కనే ఉందని ఎన్నిసార్లు చెప్పాను? విన్నావా? ఇప్పుడు చూడు, పన్నెలా అరిగిపోయిందో! నీ పళ్ళు, నీ ఇష్టం, కదూ?"

ఫెలీపా తుడిచే గుడ్డ కింద పడేసి పకపకా నవ్వింది. ఆమె కళ్ళల్లోనూ నీళ్ళే. "హమ్మయ్య, నోరు తెరిచింది! వింటున్నావా అక్కా, ఇన్నేళ్ళకొచ్చి తిడుతోంది."

ఆ తర్వాత నిదియా మాటలకు అడ్డు లేదు. వానల గురించి, జీపు గురించి, అడవిలో దొరికిన కుట్టుపనావిడ గురించి చెబుతూనే, పేరున్న అంచు పెట్టె బయటికి వేలాడేలా గుడ్డ పరిచి ఎముకలు సర్దింది. పెద్దవి అడుగున, పక్కటెముకలు పైన, డొప్ప ఒక మూలకు. డాక్టర్‌కు ఏం చెప్పాలో ఇప్పుడు తెలుసు. అడవిలో ఆ గిన్నెలో వేళ్ళు పోసింది ఆవిడ కూతురే అయ్యుంటుంది. తిట్టుకుంటూ పోసి ఉంటుంది. ఆ రెండో సంగతి ఆయన రాయడు, కానీ చెప్పి తీరాలి.

ఇక గుడ్డ మీద పేరే మిగిలింది. నిదియా పెట్టె పక్కన గట్టు మీద కూర్చుని, వంకరగానే, చివరి అక్షరం కుట్టింది. ముడి వేసింది. ఫెలీపా బుట్టలోంచి కత్తెర తీసి చేయి చాచింది.

నిదియా ఆ కత్తెరను చూడనే లేదు. గుడ్డ అంచు మీదికి వంగి, దారాన్ని ముందుపళ్ళతో టక్కున కొరికి తలెత్తింది.