వంటింట్లో ఎత్తు స్టూలు

అత్తగారు ఉల్లిపాయలు తరుగుతూ మధ్యలో ఆగితే, కళ్ళు మండి ఆగిందనుకునేవాళ్ళు ఇంట్లో అందరూ. నేను తప్ప. ఆసుపత్రిలో రోజంతా పదిమంది గుండెలకు ఎకో తీసే ఉద్యోగం నాది. ఊపిరి అందక ఆగే మనిషిని గుమ్మంలోనే పసిగట్టగలను.

అయినా ఏం చేశాను? ఒక ఎత్తు స్టూలు కొన్నాను. "కూర్చుని తరగండత్తయ్యా" అన్నాను. మా ఆయన మురిసిపోయాడు. "కోడలంటే ఇలా ఉండాలి" అని ఆడపడుచు ఫోన్లో అందరికీ చాటింది. గుండె బలహీనమని అత్తగారు రెండేళ్ళుగా మాత్రలు వాడుతోంది. మాత్రలు వాడుతూనే ఆయాసం పెరిగితే ఇక మందులు చాలడం లేదని అర్థం, అది నాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. ఆవిడ మంచాన పడితే పొయ్యి దగ్గరికి వెళ్ళాల్సింది మా ఆయన కాదు, నేను. పెళ్ళయిన కొత్తలో వండి, వడ్డించి, పరుగున డ్యూటీకి వెళ్ళి, ఆలస్యమైందని అక్కడా, ఉప్పెక్కువైందని ఇక్కడా మాటలు పడ్డ రోజులు మర్చిపోలేదు. ఆడవాళ్ళ చాకిరీ గురించి డ్యూటీ గదిలో అంత గొంతు చించుకునేదాన్ని, ఇంటికొచ్చి ఆవిడ వండిపెట్టింది తిని చెయ్యి కడుక్కునేదాన్ని. తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. ఈ ఉదయం ఆవిడ ఆ స్టూలు మీదే ఒరిగిపోయింది. మా ఆసుపత్రికే తీసుకొచ్చాం, ఎకో నేనే తీశాను. గుండె కవాటం రెక్కలు సరిగ్గా మూసుకోవడం లేదు. ముందుకు వెళ్ళాల్సిన రక్తం సగం వెనక్కే కారుతోంది.

"ఛాతీ కొయ్యక్కర్లేదు" అంది డాక్టరమ్మ. "తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, ఆ రెక్కల్ని క్లిప్పుతో పట్టి ఉంచుతాం. కానీ ఆయాసం కొత్తగా వచ్చిందైతే ముందు మందులు మార్చి చూస్తాం. ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"మొన్నీమధ్యే" అంది అత్తగారు, నావైపు చూడకుండా. "మా కోడలికేం తెలీదు. నేనే చెప్పలేదు."

ఆ మాట రాసుకుంటే ఆవిడ మళ్ళీ మందులతో ఇంటికే, ఆ స్టూలు మీదికే.

"క్లిప్పు వేస్తే ఎన్నాళ్ళకి మళ్ళీ వంట చెయ్యొచ్చండీ?" అన్నాడు మా ఆయన. నాకు ఒళ్ళు మండింది. మరుక్షణమే తల దించుకున్నాను. పొద్దుట్నించీ అదే ప్రశ్న నా నాలిక చివర ఉంది.

ఆఖరికి నా తరఫున అబద్ధం చెప్పే పని కూడా ఆవిడే చేస్తోంది, ఊపిరి అందకపోయినా.

"ఎనిమిది నెలలు మేడమ్" అన్నాను. "మాత్రలు వేసుకుంటూనే. నాకు మొదటి రోజే తెలుసు. అందుకే స్టూలు కొన్నాను."