రెండో నట్టు

"ఊఁ" అన్నాడు పెద్దమేస్త్రీ.

పానా పట్టుకున్న చిన్నమేస్త్రీ చెయ్యి వెంటనే కదల్లేదు. సైకిలు సీటు మీదా హ్యాండిల్ మీదా తలకిందులుగా నిలబడి ఉంది. పెద్దమేస్త్రీ పొట్టి స్టూలు మీద కూర్చుని కుడిచేత్తో పెడలు మెల్లగా తిప్పుతూ, ఎడమచేతి బొటనవేలితో గొలుసును నడిమధ్యన నొక్కి చూస్తున్నాడు. ఆ ఊఁ రావలసిన చోట రాలేదు. దారిన పోయేవాళ్ళకు తెలియకపోవచ్చు గానీ, ఏళ్ళ తరబడి ఆ ఒక్క శబ్దం కోసం చెవి ఒగ్గి కూర్చున్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? పెడలు ఇంకాస్త తిరిగితే గానీ గొలుసు బిగుసుకోదు.

అయినా అతను మారుమాట్లాడకుండా చక్రాన్ని వెనక్కి లాగి నట్లు బిగించాడు. అసలు మొదటి మాటే లేని చోట మారుమాట ఎక్కణ్ణించి వస్తుంది?

వాళ్ళిద్దరూ బావా బావమరుదులు. పెద్దమేస్త్రీ చిన్నమేస్త్రీకి సొంత అక్క భర్త. వంతెన పక్కన, రెండు సైకిళ్ళు అడ్డంగా పెడితే మూడోదానికి చోటు లేని ఆ కొట్లో, ఒకరి మోకాళ్ళు ఒకరికి తగిలేంత దగ్గరగా కూర్చుని పనిచేస్తారు. ఒకే నీళ్ళ తొట్టిలో ట్యూబులు ముంచుతారు. ఒకే గుడ్డకు చేతులు తుడుచుకుంటారు, ఒకే క్యారేజీలోంచి తింటారు. మాట్లాడుకోవడం మాత్రం లేదు. చిన్నమేస్త్రీ అన్న పేరు కుర్రతనంలో వచ్చింది. జుట్టు నెరిసి, పళ్ళు కదిలి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చే వయసులో కూడా ఆ చిన్నరికం అతన్ని వదల్లేదు.

గొడవ ఏమంత పెద్దది కాదు. చెబితే నవ్వుతారని ఇద్దరూ ఎవరికీ చెప్పుకోలేదు.

గేర్లు లేని సైకిలుకు గొలుసు బిగించడం చూడ్డానికి తేలిక. వెనక చక్రాన్ని కాస్త వెనక్కి లాగితే గొలుసు బిగుస్తుంది, ముందుకు నెడితే వదులవుతుంది. కానీ పెడళ్ళ దగ్గరుండే పళ్ళచక్రం ఏ సైకిలుకూ అచ్చంగా గుండ్రంగా ఉండదు. అందుకని పెడలు ఒక చుట్టు తిరిగేలోపు గొలుసు ఒక చోట బిగుసుకుంటుంది, ఇంకో చోట జారుతుంది. బాగా బిగుసుకునే చోటు వెతికి పట్టుకుని, అక్కడ వేలితో నొక్కితే కొంచెం కిందికి దిగేలా ఉంచాలి. అలా కాకుండా వదులుగా ఉన్న చోట బిగించేస్తే, బిగుతు చోటు వచ్చేసరికి గొలుసు కర్రలా నిలబడి తొక్కేవాడి ప్రాణం మోకాళ్ళలోకి వస్తుంది. మరీ వదిలేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు గొలుసు ఊడి మనిషి రోడ్డు మీద పడతాడు.

ఇదంతా చిన్నమేస్త్రీకి నేర్పింది పెద్దమేస్త్రీయే. ఒకరోజు రద్దీలో చిన్నమేస్త్రీ పెడలు పూర్తిగా తిప్పి చూడకుండానే గొలుసు బిగించి, అయిపోయిందని సైకిలు నిలబెట్టాడు. పెద్దమేస్త్రీ వచ్చి, తిప్పి చూసి, మళ్ళీ దాన్ని తలకిందులు చేసి, నట్లు వదులు చేసి తానే బిగించాడు. కొట్టు ముందు నిలబడ్డ నలుగురినీ చూసి, "మావాడికింకా చెయ్యి కుదర్లేదు లెండి" అన్నాడు. నలుగురూ నవ్వారు.

తప్పు తనదే కావడం వల్ల చిన్నమేస్త్రీకి కోపం ఇంకా ఎక్కువ వచ్చింది. పానా కింద పడేసి ఆ రోజంతా మాట్లాడలేదు. మర్నాడు బావే పలకరిస్తాడులే అనుకున్నాడు. చిన్నవాడు, వాడే పలకరించాలి అనుకున్నాడు బావ. ఇద్దరూ అలా అనుకుంటూ ఉండగానే జుట్టు తెల్లబడిపోయింది.

మరి పని ఎలా సాగిందంటారా? భేషుగ్గా సాగింది. కావలసిందేదో గోడతో చెప్పేవారు. "పంపు ఎక్కడ పెట్టారో పెట్టినవాళ్ళకే తెలియాలి" అని ఒకరు గాల్లోకి అంటే, "కళ్ళున్నవాళ్ళకి కనపడుతుంది" అని రెండోవారు చేతిలో ఉన్న టైరుతో అనేవారు. గొలుసు దగ్గర మాత్రం ఆ ఆట సాగదు. ఒకరు తిప్పాలి, ఒకరు బిగించాలి, బిగుతు చోటు వచ్చిందని తిప్పేవాడు చెప్పాలి. అందుకే ఆ ఊఁ. అది మాట కిందికి వస్తుందా రాదా అని చిన్నమేస్త్రీ అప్పుడప్పుడూ ఆలోచించేవాడు. రాదని తేల్చుకుంటే గానీ అతని మనసు కుదుటపడేది కాదు.

మధ్యన నలిగింది అక్క. ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోసి మోసి ఆవిడకు విసుగెత్తిపోయింది. ఈ పొద్దున చిన్నమేస్త్రీ క్యారేజీ కోసం వెళితే, దాన్ని చేతికివ్వకుండా గుమ్మంలోనే నిలబడింది.

"ఒరేయ్, మీ బావకి రాత్రి ఒంట్లో బాలేదు. గుండె పట్టేసినట్టుందన్నారు. ఒకటే చెమటలు. ఎడంచెయ్యి మొద్దుబారిందట. ఆస్పత్రికి వెళ్దామంటే వినిపించుకోకుండా కొట్టుకి వెళ్ళి కూర్చున్నారు."

"నువ్వు గట్టిగా చెప్పకపోయావా?"

"నేను చెప్తే విన్నదెప్పుడు? నువ్వు చెప్పు. ఇన్నాళ్ళకి నువ్వు నోరు తెరిస్తే ఆ అదురుకైనా లేచి వస్తారు. ఇంటికి పో బావా అను. మూడే మాటలు. మీ ఇద్దరి మధ్యా పడి నేను అరిగిపోయానురా. ఈ ఒక్కటీ చెయ్యి నాకు."

కొట్టు చేరేదాకా ఆ మూడు మాటలూ నోట్లోనే పెట్టుకుని వచ్చాడు. తీరా వచ్చేసరికి పెద్దమేస్త్రీ ఎవరి చక్రానికో గాలి కొడుతున్నాడు. బేరం ముందు ఎందుకు, వెళ్ళాక చెబుదాం అనుకున్నాడు. ఆ బేరం వెళ్ళేసరికి గొలుసు వదులైన సైకిలు పట్టుకుని వాచ్‌మన్ ఒకాయన వచ్చాడు. దాని గొలుసే ఇందాక బిగించింది. వచ్చినాయన సైకిలు వదిలి వెళ్ళాడు, ఇక ఇద్దరే ఉన్నారు. మరీ ఇద్దరమే ఉంటే ఏదోలా ఉంటుంది, నలుగురిలో అయితే మాటల్లో పెట్టి అనెయ్యొచ్చు అనుకున్నాడు. వాయిదా వెయ్యాలనుకునే మనిషికి సాకులకేం కరువు?

పెద్దమేస్త్రీ టీ కోసం లేచి వెళ్ళాడు. చిన్నమేస్త్రీ అటూ ఇటూ చూసి వాచ్‌మన్ సైకిలు నట్లు వదులు చేశాడు. పెడలు తానే తిప్పుకుని, బిగుతు చోటు పట్టుకుని గొలుసు మళ్ళీ సరిచేశాడు. దొంగతనం చేస్తున్నవాడిలా గబగబా చేశాడు. ఏనాడో తన చేతి పనిని ఆయన ఊడదీసినట్టే, ఈ రోజు ఆయన చేతి పనిని తను ఊడదీశాడు. తీరిందా కసి అని అతన్ని అడిగి ఉంటే ఏడ్చేవాడు.

తిరిగొచ్చిన పెద్దమేస్త్రీ స్టాండు వేసి ఉన్న ఆ సైకిలు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. పెడలు కాలితో కదిలించి గొలుసు వైపు చూశాడు. ఒక టీ గ్లాసు బల్ల మీద బావమరిది వైపు పెట్టి, రెండోది పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఎడమచేతి వేళ్ళు ముడుస్తూ, తెరుస్తూ, ఎవరివో చూస్తున్నట్టు చూసుకున్నాడు.

మధ్యాహ్నం క్యారేజీ విప్పితే ఆయన రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

ఇప్పుడు చెప్పకపోతే మరి చెప్పలేనని చిన్నమేస్త్రీకి తెలుసు. తీరా నోరు తెరిస్తే చూపు గోడ మీదికి పోయింది. "ఆకలి లేని మనుషులు ఇంటికెళ్ళి పడుకోవచ్చు" అన్నాడు గోడతో.

"పని ఎవరు చేస్తారట?" అన్నాడు పెద్దమేస్త్రీ పంపుతో.

చెప్పానుగా, ఆయనే వినలేదు అనుకున్నాడు చిన్నమేస్త్రీ. అక్క అడిగింది అది కాదని అతనికి తెలియకపోలేదు. అయినా మాట సగం చెల్లిందని తనకు తాను నచ్చజెప్పుకుని మిగతా అన్నం తిన్నాడు.

భోజనాలయ్యాక ఆస్పత్రి నర్సు పొద్దున దింపి వెళ్ళిన సైకిలు తీశారు. వెనక టైరు అరిగి దారాలు బయటపడ్డాయి. చక్రం ఊడదీసి, కొత్త టైరు ఎక్కించి, మళ్ళీ చోట్లో పెట్టి, గొలుసు పళ్ళ మీదికి వేశాడు చిన్నమేస్త్రీ. చక్రం ఊడదీసినప్పుడల్లా దాని రెండు నట్లూ పెద్దమేస్త్రీ పిడికిట్లో ఉంటాయి. కింద పెడితే దొర్లిపోతాయని ఆయన భయం. కావలసినప్పుడు చిన్నమేస్త్రీ తల తిప్పకుండా అరచెయ్యి చాస్తాడు, నట్టు వచ్చి పడుతుంది.

పెద్దమేస్త్రీ పెడలు తిప్పాడు. ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. ఊఁ రాలేదు. మళ్ళీ తిప్పాడు. పెడలు ఆగిపోయింది.

"చెయ్యి తెలియట్లేదురా" అన్నాడు పెద్దమేస్త్రీ. "బిగుతెక్కడుందో నువ్వే చూడు."

గోడతో కాదు, పంపుతో కాదు. అతని మొహంలోకి చూసే అన్నాడు.

బావే ముందు పలకరిస్తే ఏమనాలో చిన్నమేస్త్రీ ఎన్నోసార్లు అనుకుని పెట్టుకున్నాడు. ఘాటైనవి ఉన్నాయి, నిష్ఠూరాలు ఉన్నాయి, ఒకటి రెండు నవ్వించేవీ ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. చిన్నపిల్లాడిలా తల మాత్రం ఊపాడు. ఒళ్ళంతా తేలికైంది. ఈ పని కానిచ్చి, చెయ్యి పట్టుకుని లేపి, తానే ఇంటికి తీసుకెళ్ళిపోవాలనుకున్నాడు. మూడు మాటలేం ఖర్మ, దారి పొడుగునా మాట్లాడొచ్చు. ఈ ఒక్క గొలుసు మాత్రం బావ చూస్తుండగా కుదిరేలా బిగించాలి.

బావ వెనక్కి వచ్చేలా పెడలు వైపు తిరిగి కూర్చుని, దాన్ని తానే తిప్పాడు. ఎడమ బొటనవేలు గొలుసు మీద ఆనించి, వేలి కింద ఒక్కో లంకె ఎలా కదులుతోందో గమనించాడు. ఒక చోట గొలుసు గట్టిపడింది. అదే అనుకుని, దాటించి, మళ్ళీ వెనక్కి తెచ్చి రూఢి చేసుకున్నాడు. చక్రాన్ని కొంచెం వెనక్కి లాగి అరచెయ్యి చాచాడు. వేడిగా, తడిగా, ఒక నట్టు వచ్చి పడింది. దాన్ని ఒక పక్క బిగించాడు.

టైరు రెండు కడ్డీల మధ్యా సమంగా ఉందో లేదో చూసుకుని, మళ్ళీ అరచెయ్యి చాచాడు.

నట్టు రాలేదు.

చెయ్యి అలాగే కాసేపు ఉంచాడు. అయినా రాలేదు. ఓహో, నోరు జారి మాట్లాడినందుకు అప్పుడే నామోషీ వచ్చిందన్నమాట అనుకున్నాడు. మనసు చివుక్కుమంది. చెయ్యి వెనక్కి తీసుకుని, డబ్బాలో వెతికి పాత నట్టు ఒకటి తీసి బిగించాడు. పెడలు తిప్పితే గొలుసు నూనె తాగినట్టు మెత్తగా నడిచింది. ఎక్కడా మూలుగు లేదు, జారుడు లేదు. ఆ నడక చూసేసరికి కోపం నిలవలేదు.

"బాగుందా బావా?" అన్నాడు తల తిప్పకుండానే.

ఆ పిలుపు నోటికి కొత్తగా, మొరటుగా తగిలింది. జవాబు కోసం వీపుతో ఎదురుచూశాడు.

బాగుందన్న మాట రాలేదు. కనీసం ఊఁ కూడా రాలేదు.

ఇన్నేళ్ళకి నేను దిగి వస్తే దానికీ బెట్టేనా అనుకున్నాడు చిన్నమేస్త్రీ. ఆయన వైపు చూడకుండానే సైకిలు నిలబెట్టి గోడకు ఆనించాడు. ఆయనకు వీపు పెట్టి కూర్చుని, తొందరేమీ లేని ట్యూబు ఒకటి తీసుకుని, గీకి, సొల్యూషన్ పూసి, అతుకు వేశాడు. అది ఆరాక ఇంకోటి తీసుకున్నాడు. నేను పలకరించాను, ఆయనే పలకలేదు, నీ మొగుడి సంగతి నువ్వే చూసుకో అని అక్కతో చెప్పవలసినవన్నీ వరసగా పేర్చుకున్నాడు. రోడ్డు మీద ఎండ పలచబడి వంతెన నీడ కొట్టు మీదికి వచ్చింది. వెనక నుంచి చప్పుడు లేదు. ఎప్పుడూ ఉండదు గనక అతను పట్టించుకోలేదు.

డ్యూటీ దిగి నర్సు వచ్చింది.

"అయిపోయిందా చిన్నమేస్త్రీ?"

"ఎప్పుడో అయిపోయిందమ్మా. తీసుకెళ్ళు."

ఆమె సైకిలు మీద చెయ్యి వేసి, స్టూలు వైపు చూసి, "పెద్దమేస్త్రీ కునుకు తీస్తున్నట్టున్నారే" అని నవ్వింది. గోడకు చేరగిలబడి ఉన్న ఆయన్ని ఇంకోసారి చూసింది. నవ్వు ఆగిపోయింది. సంచీ కింద పెట్టి, వంగి, మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. కనురెప్ప ఎత్తి చూసింది.

"ఎంతసేపట్నుంచి ఇలా ఉన్నారు?"

చిన్నమేస్త్రీకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఇందాకట్నుంచీ ఇంతే" అన్నాడు. "ఆయన నాతో మాట్లాడరమ్మా."

అన్నాక గానీ ఆమె మొహం చూడలేదు. చూశాక చేతిలోని ట్యూబు జారిపోయింది. ఆ మౌనానికి ఎంతగా అలవాటు పడ్డాడంటే, చావు వచ్చి వెనకాలే కూర్చున్నా అతనికి తేడా తెలియలేదు. చచ్చిపోయిన మనిషి మీద అలిగి, ఆయనకు వీపు పెట్టి, రెండు ట్యూబులకు అతుకులు వేశాడు.

ఎవరో కబురు పెడితే అక్క వచ్చింది. జనం పక్కకు తప్పుకున్నారు. నేల మీద చతికిలబడి, భర్త కాళ్ళ మీద చెయ్యి వేసింది. పొద్దుటి మాటలు అడుగుతుందని తమ్ముడు భయపడుతున్నాడు. ఇంటికి పొమ్మన్నావా అంటే, గోడతో అన్నానని ఎలా చెప్పాలి?

ఆవిడ అది అడగలేదు. "మాట్లాడారా నీతో?" అంది.

"మాట్లాడారక్కా."

"ఏమన్నారు?"

"గొలుసు నన్నే చూడమన్నారు."

"చూశావా?"

"చూశాను. బాగుందా బావా అని అడిగాను."

అక్క తలెత్తింది. ఆ కళ్ళలో ఉన్న ఆశ ముందు అతను నిలబడలేకపోయాడు.

"బాగుందన్నారా?"

"బాగుందన్నారు" అన్నాడు చిన్నమేస్త్రీ. "చెయ్యి కుదిరిందిరా అన్నారు."

అప్పుడు ఏడ్చింది ఆవిడ. ఏడుస్తూనే భర్త కుడి పిడికిలి తన ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. లోపలున్నదేమిటో ఆవిడకు తెలియలేదు. తీసి స్టూలు అంచున పెట్టింది. తర్వాత నలుగురూ చేతులు వేసి ఆయన్ని లేపారు, చిన్నమేస్త్రీ తల వైపు పట్టుకున్నాడు, అందరూ నడిచి వెళ్ళిపోయారు. తలుపు వెయ్యని కొట్లో, ఖాళీ అయిన స్టూలు మీద, మరల్లో చెమట తడి ఇంకా ఆరని రెండో నట్టు ఉండిపోయింది.