గొంతు తాళం

మా చెల్లెల్ని ఇంట్లో అందరం మైకు అనేవాళ్ళం. అది ఈత నేర్పేది. కొలను ఈ చివర నిలబడి ఆ చివరనున్న పిల్లని "తల లోపలికి! కాళ్ళు ఆడించు!" అని గదిమిందంటే, ఒడ్డున తల తుడుచుకుంటున్న పెద్దవాళ్ళు కూడా ఉలిక్కిపడాల్సిందే. అలాంటి దాని గొంతులో కణితి వచ్చింది. స్వరపేటిక తీసేస్తే ప్రాణం దక్కుతుందన్నారు. మాట దక్కదు.

ఆపరేషన్‌కి ముందు, మాటకి వైద్యం చేసే డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. ఇప్పుడే వీలైనన్ని మాటలు ఫోన్లో రికార్డు చేసి పెట్టుకుంటే, తర్వాత అది టైపు చేసిందల్లా దాని గొంతులోనే వినిపించే ఏర్పాటు ఉందట. చెల్లెలి ఉద్యోగం కూడా ఆ ఏర్పాటు మీదే ఆధారపడింది. ఊపిరి కోసం మెడకి రంధ్రం పెట్టాక నీళ్ళలోకి దిగకూడదు. గట్టు మీదనుంచి స్పీకర్లో నేర్పితే చాలని మేనేజరు ఒప్పుకున్నాడు. బయటి చప్పుడు పడకుండా బట్టల బీరువాలో తల దూర్చి అది వారాల తరబడి మాట్లాడింది. తిట్లు కూడా వదల్లేదు. "తిట్టకపోతే నేనేనని మా ఆయన నమ్మడు" అంది.

అవన్నీ క్లౌడ్‌లోకి వెళ్ళాయి. ఫోటోలు, వీడియోలు, ఇంటి కాగితాలు, ఆస్పత్రి రిపోర్టులు, మెయిలు, సమస్తం ఒకే కంపెనీ దగ్గర, ఒకే ఖాతాలో. ఫోను నిండిపోయిందని దాని మొగుడు, మా మరిది, అందులో ఉన్నవి చెరిపేశాడు. "అన్నీ పైన ఉన్నాయిగా వదినా" అన్నాడు.

"పైన అంటే ఎక్కడయ్యా, పైవాడి దగ్గరా?" అన్నాను. అందరం నవ్వాం. నా పాడు నోరు.

ఆపరేషన్ అయ్యాక, ఆస్పత్రి గదిలో కొత్త ట్యాబ్‌లో ఆ ఖాతా తెరవబోతే కంపెనీకి అనుమానం వచ్చింది. కొత్త చోటు, కొత్త యంత్రం. పాత ఫోన్లో కూడా తలుపు మూసేసి, మీరు మీరేనని రుజువు చేసుకోండి అంది. కోడ్ మెయిల్‌కి పంపామంది. ఆ మెయిలు ఆ ఖాతాలోనే ఉంది. మిగిలింది ఒక్కటే దారి: తెర మీద కనిపించే అంకెలు పైకి చదవాలి. పాస్‌వర్డులు గుర్తుండి చావవని అది ఎప్పుడో పెట్టుకున్న తాళం అది. దాని గొంతే తాళంచెవి. బీరువాలో తల దూర్చిన అన్ని రోజుల్లోనూ మా ముగ్గురిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు.

చెల్లెలు తెర వంక చూసింది. నోరు తెరిచింది. గాలి మెడలోంచి వచ్చింది. దయచేసి చదవండి అని యంత్రం మళ్ళీ అడిగింది.

ఆ మర్యాదకి నాకు ఒళ్ళు మండిపోయింది. "జరగండి, నేను చదువుతా" అన్నాను. మా ఇద్దరి గొంతులూ ఒక్కలాగే ఉంటాయి. నేను ఫోనెత్తితే పెళ్ళామనుకుని మరిది ఎన్నిసార్లు విసుక్కున్నాడో, ఆనక ఎన్నిసార్లు నాలిక కరుచుకున్నాడో లెక్కలేదు. అంకెలు చదివాను. కాదంది. దానిలాగే గొంతు పెంచి చదివాను. ఎవరో చొరబడుతున్నారని తేల్చేసి ఖాతాని పూర్తిగా మూసేసింది.

మరిది కంపెనీ వెంట పడ్డాడు. ఆస్పత్రి కాగితాలు పంపాడు. చివరికి లైన్లోకి వచ్చిన అమ్మాయి మంచిదే, పాపం. అంతా ఓపిగ్గా విని, "మేడమ్ ఒక్కసారి ఫోన్లో మాట్లాడితే చాలు సార్" అంది. మరిది ఫోను పెట్టేసి వరండాలోకి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కొన్నాళ్ళకి, రుజువు అందలేదు కాబట్టి ఖాతా తొలగించామని చెప్పేశారు. నా ఫోన్లో దాని గొంతు ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. రోజూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళం. మాట్లాడుకున్నదాన్ని ఎవరు దాచుకుంటారు?

ట్యాబ్‌లో వార్తలు చదివే అమ్మాయిలాంటి గొంతు ఒకటి ఉంది. చెల్లెలు దానితో "బంగారం, నిద్ర లే" అనిపిస్తే, కూతురు లేచి కూర్చుని "ఎవరా ఆంటీ?" అంది. ఆ రోజే చెల్లెలు పలక మీద రాసి నాకు చూపించింది. "నీ గొంతు ఇవ్వు."

నేను పనిచేసే కళ్ళద్దాల దుకాణానికి సెలవు పెట్టి వచ్చి కూర్చున్నాను. అది టైపు చేస్తుంటే నేను చదివి రికార్డు చేశాను. ఈత పిల్లల కోసం అరిచేసరికి దగ్గు ముంచుకొచ్చింది. చెల్లెలు చప్పుడు లేకుండా నవ్వింది. "ఏవండీ, చెత్త బయట పెట్టారా?" అన్నాను. మరిది బుద్ధిగా లేచి వెళ్ళి పెట్టొచ్చాడు.

తర్వాతి మాట "అక్కా".

ఇంటికి పెద్దదాన్ని నేను. బుద్ధెరిగాక ఎవర్నీ అలా పిలిచింది లేదు. ఎలా పలికినా ఎవరో పరాయావిణ్ణి పిలిచినట్టే వచ్చింది. అది తల అడ్డంగా ఊపి, పెదవులతో పలికి చూపించింది. కళ్ళు మూసుకున్నాను. చిన్నప్పుడు అది గేటు దగ్గర్నుంచే పిలుచుకుంటూ వచ్చేది. ఆ సాగదీత, చివర్లో ఆ గారం, అన్నీ కూడగట్టుకుని పలికాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

దాని ఉద్యోగం నిలబడింది. పిల్లలు మాట వింటున్నారు. నేను వాళ్ళింటికి వెళ్తే, పక్క గదిలోంచి "అక్కా" అని వినిపిస్తుంది. "ఏంటే" అంటూ లేచి వెళ్తాను. అందరూ సర్దుకున్నారు. నావల్లే కావడం లేదు. దాని అసలు గొంతు ఒక్కసారి విందామని కళ్ళు మూసుకుంటే గేటు కనిపిస్తుంది, తడిసిన జుట్టు కనిపిస్తుంది, అది నోరు తెరవడం కనిపిస్తుంది. వినిపించేది మాత్రం నా గొంతే.