గాలివాన అని రాశారు

ఠప్—

తీగ తెగింది. వయొలిన్ మీంచి లేచి అన్న చెంప చీల్చింది.

రక్తం.

అన్న ఆగలేదు. పియానో ముందు అక్కా ఆగలేదు. మధ్యలో చిన్నది... మోకాళ్ల నడుమ చెల్లో అనే పెద్ద వయొలిన్, చేతిలో కమాను... ఇద్దరినీ అందుకోలేక పరుగెత్తుతోంది.

అక్క తరిమింది. అన్న కరిచాడు.

చివరి దెబ్బ పడగానే హాలు హాలంతా లేచి నిలబడింది.

మర్నాడు పత్రికలు ఆకాశానికెత్తేశాయి. గాలివాన అన్నాయి. ఇంత చిన్న వయసులో ముగ్గురు తోబుట్టువులూ ఒకే ఊపిరి అన్నాయి.

ఒకే ఊపిరా! చిన్నదానికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వాళ్లు వాయించలేదు. కొట్టుకున్నారు.

అంతా అంతకుముందు కచేరీకి ఓ విమర్శకుడు రాసిన ముక్క వల్ల. పియానోయే ప్రాణం, తక్కిన ఇద్దరూ దాని నీడలు... అంతే. ఆ నీడ అన్న గొంతులో ముల్లులా దిగబడింది.

ముగ్గురూ ఒక్కసారి ఎత్తుకోవాలంటే అన్న గట్టిగా ఊపిరి పీల్చాలి. అదే సైగ. తీగ తెగిన రోజు పీల్చాడు... కమాను మాత్రం కదపలేదు. చిన్నదాని చెయ్యీ పట్టి ఆపాడు. అక్క ఒంటరిగా మొదలెట్టింది, అంతమంది ముందు. ఇక చూడాలి! పగబట్టినట్టు వేగం పెంచింది. తీగ తెగేదాకా పెంచింది.

కచేరీలు పెట్టించే పెద్దమనిషి మురిసిపోతూ వచ్చాడు. "ఏం వాయించారమ్మా! ఎక్కడికెళ్లినా ఇలాగే తగలబెట్టెయ్యండి."

తర్వాతి ఊళ్లో చిన్నది తగలబడనివ్వలేదు. అక్కని కాళ్లావేళ్లా పడి బతిమాలింది. అన్న గడ్డం పట్టుకుంది. లయ తన చేతిలోకి తీసుకుంది. వాళ్లు ఉరకబోయినప్పుడల్లా చెల్లో అడ్డం పడింది. ఒక్క తప్పు లేదు.

చప్పగా ఉందని రాశారు. గాలివాన ఏదీ అని అడిగారు.

చిన్నదానికి ఒళ్లు మండింది. ఆ లేచి నిలబడ్డ హాలు కావాలి. మళ్లీ కావాలి... సిగ్గు విడిచి కావాలి.

ఇవాళ తెర ఇంకా లేవలేదు. అవతల జనం సర్దుకుంటున్నారు. ఇవతల అక్క తల వంచుకుని, పియానో మీటల మీద వేళ్లు ఆడించుకుంటోంది.

చిన్నది అన్న చెవి దగ్గరికి వెళ్లింది.

"అన్నయ్యా... అక్క ఇందాక నవ్వింది. ఆ విమర్శకుడు రాసింది నిజమేనంట. నువ్వు తన నీడవేనంట."

అబద్ధం. అక్క ఏమీ అనలేదు. కాస్త నిప్పు చాలనుకుంది చిన్నది... కాస్తే.

అన్న మొహం నల్లబడింది. వయొలిన్ కుర్చీలో పెట్టాడు. జాగ్రత్తగానే పెట్టాడు. నడిచి వెళ్లాడు. పియానో మూత రెండు చేతులా పట్టుకుని, అక్క వేళ్ల మీదికి—

బలంకొద్దీ—

అక్క అరిచింది.

తెర అవతల గుసగుసలు ఆగిపోయాయి.

ఆ అరుపు ఏ స్వరమో చిన్నదానికి వెంటనే తెలిసిపోయింది. తను వద్దనుకునేలోపే ఎడమచేతి వేలు గాల్లో, చెల్లో తీగ మీద ఆ స్వరం ఉండే చోట, గట్టిగా నొక్కింది.