అడుగునీటి నడక

"కూర మాడుతోంది. నీ సముద్రం ఎక్కడికీ పోదులే," అన్నాడు భర్త పేపర్లోంచి తలెత్తకుండా. పొయ్యి అతని చేతికందే దూరంలోనే ఉంది. ఆమె ఫోను పక్కన పెట్టి వచ్చి మంట తగ్గించింది. సముద్రం పోదని ఎవరన్నారు, పోతూనే ఉంటుంది, ఆ పోకడ పట్టుకోవడమే కదా నా ఉద్యోగం అనుకుంది. పాప పుట్టాక ఆమె ఓడ ఎక్కిందే లేదు. మగవాళ్ళు వెళ్ళి నీటి వేడి, ఉప్పదనం కొలుచుకొస్తే, పైనీరు అడుగునీటి కంటే ఎంత వేగంగా పారుతుందో ఒడ్డున కూర్చుని లెక్క తేల్చేది. అసలు అడుగునీరు కదులుతోందా లేదా అన్నది మాత్రం ఆ లెక్కకు అందదు. "అడుగున ఏముంటుందమ్మా, కదలదనుకుని కానిచ్చెయ్," అనేవారు పై అధికారి. వేగం కొలిచే పరికరాన్ని కూడా లోతుకు దించి చూద్దామని ఆమె పోరగా పోరగా ఇప్పటికి ఒప్పుకున్నారు. ఓడలో చోటుంది, వస్తావా అనే ఇందాకటి ఫోను.

ఆ మాట చెప్పగానే, "పాపనెవరు చూస్తారు?" అన్నాడు భర్త.

ఆమె రానని చెప్పడానికి ఫోను అందుకుంది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అత్తగారు చేట కింద పెట్టారు.

"కన్నతండ్రివి, నీకు కళ్ళు లేవట్రా? నేనూ ఉన్నాను. నువ్వు వెళ్ళిరా తల్లీ."

ఆమె ఫోనులో వస్తున్నానని చెప్పేసింది.

ఓడలో మొదట పేగులు నోట్లోకొచ్చినంత పనైంది. తేరుకున్నాక దగ్గరుండి పరికరాలన్నీ ఒకేచోట దింపించింది. వేడినీ ఉప్పునీ వేగంతో కలిపి లెక్క కట్టి, నమ్మలేక మళ్ళీ మొదటినుంచి కట్టింది. అడుగునీరు నిలిచి లేదు. పైనీటికి ఎదురుగా, తన మానాన తను, నిదానంగా నడుస్తోంది. ఇన్నేళ్ళ లెక్కలూ తిరగరాయాలి!

ఆ సంగతి శాస్త్రవేత్తల సభలో చెప్పే రోజు, చివర తెర మీద చూపే కృతజ్ఞతల్లో ఓడ సిబ్బంది పక్కనే అత్తగారినీ చేర్చింది.

"ఇంటి సంగతులు ఇక్కడెందుకమ్మా?" అన్నారు అధికారి.

"ఆవిడ లేకపోతే ఈ కొలతలే లేవు సార్," అని ఉంచేసింది. ముందు వరసలో అత్తగారు తెర మీద తన పేరు కూడబలుక్కుని చదువుకుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఇంటికొస్తూ భర్త, "మరి నా పేరేదీ? పాపకి జడలు వెయ్యడం కూడా నేర్చుకున్నానే!" అన్నాడు.

నిజమే. వంకరటింకరగా అయినా వేశాడు. దానికీ ఆమెకు సంతోషంగానే ఉంది.

"వచ్చే నెల మళ్ళీ ఓడ ఎక్కుతున్నాను," అంది నవ్వుతూ. "ఈసారి అత్తయ్యకి విశ్రాంతి. అప్పుడు మీ పేరొక్కటే వేస్తాను."