తాటి దోనె పిల్ల, మోటారు సైకిలు మలుపు

నేను ఒక మోటారు సైకిలు వెనక సీటు చుట్టూ వంగి ఉండే పట్టుకడ్డీని. నన్ను పట్టుకున్న మనిషి కింద పడ్డ దాఖలా ఈ భూమ్మీద లేదు. నవ్వకండి, ముందు వినండి.

ఎక్కడో ఉత్తరాది షెడ్డులో ఇనుప గొట్టాన్ని వంచి, అద్దంలా మెరుగుపెట్టి నన్ను చేశారు. మొదటి యజమాని నాకు పాల క్యాన్లు తగిలించాడు. క్యాన్లకు భయం తెలీదు, అనుమానం తెలీదు. ఆ మూడేళ్లూ మనుషుల గురించి నేనేమీ నేర్చుకోలేదు. తర్వాత గుడివాడలో కాలిపోయిన మోటార్లు బాగుచేసే భోగేశ్వరరావు బండి కొన్నాడు. ఆ వెంటనే పెళ్లి కూడా చేసుకున్నాడు. పెళ్లికూతురి పేరు పెద్దింట్లు, కొల్లేటి సరస్సు మధ్యన లంకలో పుట్టి పెరిగిన పిల్ల.

ఆమె ఎడమ అరచేతిలోనే నా అసలు చదువు మొదలైంది. ఎప్పుడు చూసినా చెమటే. అయితే ఒక సంగతి నన్ను తినేసేది. తిన్నని రోడ్డు మీద ఆ చెయ్యి కాస్త కుదురుగానే ఉంటుంది. మలుపులో మాత్రం బండి ఎడమకు ఒరిగిందా, కుడికి లాగుతుంది. కుడికి ఒరిగిందా, ఎడమకు లాగుతుంది. భయపడ్డ చెయ్యి ఊరికే బిగుసుకోవాలి గాని, ఇంత లెక్కగా లాగడం ఏమిటి?

భోగేశ్వరరావుకు ఆ ప్రశ్నే పుట్టలేదు. "కళ్లు మూసుకోవే, భయం ఉండదు" అనేవాడు. మెల్లగా నడపడం తప్ప అన్ని ఉపాయాలూ చెప్పాడు.

అంతలో ఆమెకు పదిహేను కిలోమీటర్ల అవతల ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు ఉద్యోగం వచ్చింది. సోమవారం పదింటికల్లా చేరకపోతే జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. ఆ ఊరికి బస్సు లేదు. కాలవ గట్టు మీద అన్నీ మలుపులే.

శనివారం దారి చూసొద్దామని బయల్దేరాం. మూడో మలుపులో బండి ఇటు, ఆమె అటు. అందరం కలిసి గట్టు దిగి బురదలో కూర్చున్నాం. ఇందాక నేను కొట్టిన గొప్ప కూడా ఆ బురదలోనే ఉంది, వెతుక్కోండి. పాపం, ఆమె నన్ను వదల్లేదు, పట్టుకునే పడింది.

"ఇంక నేనెక్కను. ఆ ఉద్యోగం ఎవరికన్నా ఇచ్చుకోమను" అంది చీర పిండుకుంటూ. రెండేళ్లు చదివింది దానికోసమే.

ఆదివారం పుట్టింటికి ఆమె ఆటోలో, వెనకాల మేము. రేవులో నన్ను నిలబెట్టి ఇద్దరూ తాటిమాను తొలిచి చేసిన దోనె ఎక్కారు. దోనె కుడికి ఊగింది. భోగేశ్వరరావు బండి మీద ఉన్నట్టే తానూ కుడికి వాలాడు.

"అటు కాదండీ అల్లుడుగారూ! అది అటు వాలితే మీరిటు లాగాలండీ!" అని గట్టు మీంచి మామ సైదులు అరిచేలోపే అల్లుడుగారు మోకాటి లోతు కొల్లేట్లో ఉన్నారు. లేచేసరికి చొక్కా జేబులో కొర్రమీను. పెద్దింట్లు మాత్రం ఊగే దోనెలో నిటారుగా నిలబడి పడీపడీ నవ్వింది. ఆ నవ్వు మధ్యలో టక్కున ఆగింది.

"ఏవయ్యా, బండి మీద ఇలా లాక్కూడదా?"

"నువ్వు భయంతో లాగుతున్నావనుకున్నానే!"

"భయమే. పడిపోకుండా మనిద్దర్నీ నేనే నిలబెడుతున్నాననుకున్నా."

"ఇక నిలబెట్టకు తల్లీ. బండి ఒరిగితే నువ్వూ ఒరుగు."

సాయంత్రం దాకా రేవు పక్కనే నీళ్లు ఎండిపోయిన చేపల చెరువులో నడక వేగంతో సున్నాలు చుట్టాం. మలుపుకు ముందే అతను "ఎడమ" అనో "కుడి" అనో చెప్పాలి. ఆమె అతని అటువైపు భుజం మీదుగా చూడాలి. భయమేస్తే వీపు మీద రెండుసార్లు తట్టాలి, అతను మారుమాట లేకుండా ఆపాలి. ఈ షరతు ఆమె పెట్టిందే.

సోమవారం మూడో మలుపు. ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. "ఎడమ" అన్నాడు. చిన్నప్పటి నుంచీ ఎదురు లాగడమే తెలిసిన చెయ్యి లాగకుండా ఉండటానికి ఎంత తన్నుకుందో నాకొక్కదానికే తెలుసు. బండి ఒరిగింది. ఆమె కూడా ఒరిగింది. మలుపు వెనక్కి వెళ్లిపోయింది.

అప్పుడు వీపు మీద రెండు దెబ్బలు. ఆపాడు.

"ఏమైందే?"

"ఏం కాలేదు. ఆపుతావో లేదోనని చూశా. పోనియ్యి."

పదికి ఇరవై నిమిషాల ముందే రిజిస్టరులో సంతకం పెట్టింది. ఇప్పుడు నన్ను పట్టుకునేవాళ్లే లేరు; కూరగాయల సంచీ తగిలిస్తోంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, జేబులో కొర్రమీను. ఆ రోజు అతని చొక్కాకు అసలు జేబే లేదు.