పొట్టి గేరుకు కట్టిన తాడు

నేను ఒక పాత జీపును. మైదానంలో నన్ను దాటిపోయే బళ్ళు చాలా ఉన్నాయి. బురదలో మాత్రం నేను దాటిపోయిన బళ్ళే ఎక్కువ. వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందేలా నన్ను చేశారు. ఆ సంగతి తలచుకుంటే గర్వంగానే ఉంటుంది. అయితే ఆ బలమే ఒకసారి నన్ను పాత ఇనుము లారీ దాకా తీసుకెళ్ళింది.

మొదట నేను సర్కారు బండిని. అడవిలో రోడ్లకు కొలతలు తీసే ఉద్యోగులు నా మీద తిరిగేవారు. వాళ్ళు కొలిచిన రోడ్లు చాలావరకు కాగితం మీదే ఉండిపోయాయి. నేను మాత్రం రోడ్డు లేకుండానే అక్కడంతా తిరిగాను. వయసు మీద పడ్డాక నన్ను వేలంలో పెట్టారు. ఒక జీడిపప్పు వ్యాపారి కొని, ఎర్ర రంగు వేయించి, పెళ్ళి ఊరేగింపులకు తిప్పాడు. కొండలెక్కిన నా మీద పూలదండలు వేసి, నడిచే మనుషుల వెనకాల నడిచేటంత నెమ్మదిగా నడిపించేవాడు. ఆ రోజుల్లో నా ఇంజను వేడెక్కి ఎన్నిసార్లు పొగలు కక్కిందో.

ఆ వ్యాపారి దగ్గర నన్ను కొన్నవాడు సోమిరెడ్డి. మారేడుమిల్లికి పైనున్న కొండల్లో వాళ్ళ ఊరు. చింతపండు, పసుపు, కొండచీపుళ్ళు, వాటి మీద మనుషులు, మనుషుల ఒళ్ళో కోళ్ళు, అందరినీ ఎక్కించుకుని వారం వారం సంతకు దిగేవాడు. దారి అంతా మట్టి, రాళ్ళు, వాగులు. అలాంటి చోట నాలుగు చక్రాలూ పని చేయాల్సిందే. అందుకు నా డ్రైవరు సీటు పక్కన, పొడుగు గేరుకు కుడివైపు, ఒక పొట్టి గేరు ఉంటుంది. దాన్ని ముందుకు తోస్తే ముందు చక్రాలు వెనక చక్రాలతో కలిసి లాగుతాయి. వెనక్కి తీస్తే వెనకవి మాత్రమే లాగుతాయి.

లోపలి పళ్ళచక్రం పన్ను అరిగి, కొండ ఎక్కుడు వచ్చినప్పుడల్లా ఆ పొట్టి గేరు దానంతట అదే వెనక్కి జారిపోయేది. ఒకసారి నిండా జనంతో ఉండగా అలాగే జారి, నేను లోయ అంచు దాకా వెనక్కి దొర్లాను. ఆ మర్నాడు సోమిరెడ్డి అడ్డతీగ నార తెచ్చి, తొడ మీద పెట్టి తాడు పేనాడు. పొట్టి గేరును ముందుకు తోసి, ఎదురుగా ఉన్న ఇనప కొక్కేనికి బిగించి కట్టాడు. "ఇంక ఎక్కడికి పోతావో పో" అన్నాడు దానితో. ఆ తర్వాత అది జారలేదు. ఆ మట్టి దారిలో ముడి విప్పాల్సిన పనీ రాలేదు.

మూడు వానాకాలాలు గడిచాక అతను జ్వరంతో పోయాడు.

భార్య చెల్లాయమ్మ నన్ను అమ్మలేదు. తన తమ్ముడు సింగన్నను డ్రైవరుగా పెట్టుకుని, తను పక్క సీట్లో కూర్చుని సంతకు దిగడం మొదలుపెట్టింది. బండిలో భర్త చేతి గుర్తుగా మిగిలింది ఆ తాడు ఒక్కటే. దానికి పసుపు రాసింది, బొట్టు పెట్టింది. ఎవరి కాలూ తగలకుండా ఎర్ర గుడ్డ చుట్టింది. ఎక్కే ఆడవాళ్ళు దాన్ని తాకి కళ్ళకద్దుకునేవారు. నా పొట్టి గేరు అలా దేవుడైపోయింది. దేవుడయ్యాక ఇంక దానితో ఎవరికీ పనిలేదు.

ఆ తర్వాతే తారురోడ్డు వచ్చింది. ఊరి కింది మలుపు దాకా నల్లగా, నున్నగా వేశారు. ఊరంతా సంబరపడింది. నా కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా పెద్ద దారిలో పోతాయి. కానీ పొట్టి గేరు వాటిని కలిపేసింది కదా, అన్నీ ఒకే లెక్కన తిరగాలి. మట్టిలో అయితే ఏదో ఒక చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు. ఆ తేడా అంతా నా లోపలికి వచ్చి, తడి బట్టను రెండు కొసలా పట్టి పిండినట్టు మెలి పడుతుంది. మలుపులో టైర్లు కీచుమనేవి, స్టీరింగు రాయిలా బిగిసేది, చివరికి నేను నడిరోడ్డు మీద గొణుక్కుంటూ ఆగిపోయేదాన్ని. వాన పడి రోడ్డు తడిస్తే మళ్ళీ కాస్త నడిచేదాన్ని.

ఇది చూసి జనం తలో మాటా అన్నారు.

"సోమిరెడ్డికి ఈ తారురోడ్డు ఇష్టం లేదే చెల్లాయీ, అందుకే బండి పట్టుకుంటన్నాడు" అంది చీపుళ్ళ పోతమ్మ, వెనక సీట్లోంచి.

"ఇష్టం లేకపోతే వానలో ఎందుకు వదులుతున్నాడే?" అంది చెల్లాయమ్మ.

"బతికున్నప్పుడు మాత్రం వానలో ఇంటికాడ ఉన్నాడా ఏంటి? తడుస్తానే తిరిగేవోడు."

అందరూ నవ్వారు. చెల్లాయమ్మ కూడా నవ్వింది. కానీ ఆ వారమే ఒక కోడిని కోసి నా ముందు చక్రాలకు రక్తం తాకించింది. చక్రాలకు రక్తం అంటింది, అంతకు మించి ఏమీ కాలేదు.

తర్వాత కింద పట్నంలో ఒక షెడ్డుకు తీసుకెళ్ళారు. అక్కడి మేస్త్రీ జాకీ పెట్టి ఒక చక్రం లేపి చేత్తో తిప్పబోయాడు. తిరగలేదు. బ్రేకు పట్టేసిందన్నాడు. నాలుగు బ్రేకులూ విప్పి చూశాడు, అన్నీ బాగున్నాయి. అయితే గేరుపెట్టె లోపల పోయింది, ఈ పాత బండికి సామాను దొరకదన్నాడు. సంతకు ఎక్కేవాళ్ళు కొందరు అప్పటికే ఆటోలకు మారారు. చెల్లాయమ్మకు పొలం లేదు. నా చక్రం తిరిగితేనే ఆమె పొయ్యి వెలుగుతుంది. చివరికి పాత ఇనుము కొనే మనిషికి కబురు పంపారు. సంత రోజున లారీ తెస్తానన్నాడు.

ఆ సంత రోజు పొద్దున్నే చెల్లాయమ్మ సింగన్నతో అంది, "చోడవరంలో మస్తాను మేస్త్రీ ఉన్నాడంట. ఆడు కూడా పోయిందంటే పోయినట్టే. ఒక్కసారి చూపిద్దారి పద."

"అక్కా, చచ్చినోణ్ణి ఎంతమంది డాక్టర్లకి చూపిత్తావు?"

"నోరు మూసుకుని తోలు."

ఆగుతూ, కీచుమంటూ మస్తాను షెడ్డు చేరాం. ఇనుము లారీ కూడా మా వెనకాలే వచ్చి రోడ్డు పక్కన ఆగింది. మస్తాను కూడా ముందు మేస్త్రీ చేసిన పనే చేశాడు. జాకీ పెట్టి ముందు చక్రం లేపాడు. అయితే అతను కాస్త వెనక్కి నిలబడి, చక్రాన్నే చూస్తూ లేపాడు. టైరు నేల వదిలిన క్షణాన నా లోపలి మెలి ఒక్కసారిగా విడిచింది. 'ధన్'మని చప్పుడు చేస్తూ, ఎవరూ ముట్టుకోకుండానే, ఆ చక్రం గిర్రున కాస్త తిరిగి ఆగింది.

సింగన్న రెండడుగులు వెనక్కి గెంతాడు. "బావ! బావే అక్కా! తన్నాడు చూశావా!"

"మీ బావ తన్నేవోడే గానీ, చక్రాన్ని తన్నడు" అంది చెల్లాయమ్మ.

మస్తాను నవ్వలేదు. నేల మీద పడుకుని నా కిందికి చూశాడు. మళ్ళీ లేచి, "అక్కగారూ, గేరుపెట్టె బాగానే ఉందండీ. లోపల మెలి పడింది. మెలి పడాలంటే ముందు చక్రాలు కలిసే ఉండాలి. పొట్టి గేరు ఎక్కడుందండీ?" అన్నాడు.

సింగన్న ఎర్ర గుడ్డ వైపు చూసి కళ్ళు దించుకున్నాడు.

మస్తాను గుడ్డ పైకెత్తాడు. పసుపు తాడు కనిపించగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇది దేవుడి కట్టా అండీ?"

"మా ఆయన కట్టింది. ముట్టుకోకు" అంది చెల్లాయమ్మ.

"ఇది విప్పితే బండి నడుస్తాదండీ. విప్పకపోతే ఈసారి నిజంగానే లోపల పళ్ళు విరుగుతాయి. అప్పుడు నేను కూడా ఏం చెయ్యలేనండీ."

లారీ మనిషి దగ్గరికి వచ్చాడు. "కత్తి ఇవ్వనా అమ్మా? చిన్న ముక్క తాడు."

"నీ కత్తి నీ దగ్గరే ఉంచుకో" అంది.

ఆమె నాలోకి ఎక్కి, డ్రైవరు సీటు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ముడిని వేళ్ళతో తడిమి చూసింది. నాకు నోరుంటే చెప్పేదాన్ని: తల్లీ, ఇది మట్టి దారికి కట్టిన కట్టు, అతను తారురోడ్డు చూడలేదు, చూసి ఉంటే తనే విప్పేవాడు అని. కానీ ఇంజనుకు చప్పుడే ఉంటుంది గానీ మాట ఉండదు. పైగా అప్పుడు ఇంజను కూడా ఆపేసి ఉంది.

చివరికి ఆమే మాట్లాడింది. తాడుతోనే. "నువ్వు జారిపోకూడదని కట్టావు. ఇప్పుడు ఇదే కదలనివ్వట్లేదయ్యా."

గోళ్ళతో, పళ్ళతో కూడా ఆ ముడి విప్పింది. నార తడికీ ఎండకీ గట్టిపడి చాలా మొరాయించింది. విడివడ్డాక ఆమె దాన్ని చుట్టి కొంగున కట్టుకుంది.

అప్పుడు కూడా పొట్టి గేరు కదల్లేదు. జాకీ దించి షెడ్డు ముందు నన్ను ఒక చుట్టు తిప్పేసరికి మళ్ళీ మెలి పడింది. సింగన్న రెండు చేతులా లాగి అలిసిపోయాడు. "బలంతో రాదు తమ్ముడూ. స్టీరింగు తిన్నగా పెట్టి వెనక్కి పోనియ్. మెలి వదలాలంటే వచ్చిన దారిలోనే కాస్త వెనక్కి వెళ్ళాల" అన్నాడు మస్తాను. సింగన్న వెనక్కి నడిపాడు. నా ఒళ్ళంతా వదులైంది. పొట్టి గేరు చిన్న పిల్ల బొమ్మ వదిలేసినంత సులువుగా వెనక్కి వచ్చేసింది. మళ్ళీ ముందుకు తోలితే తారు మీద, మలుపులో, ఒక్క కీచు కూడా లేదు.

లారీ మనిషి కాసేపు చూసి, ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు. సంతకు మేం ఆలస్యంగా చేరాం. పోతమ్మ చీపుళ్ళ మోపు మీద కూర్చుని ఎదురుచూస్తోంది. "మీ ఆయన ఒప్పుకున్నాడా?" అని అడిగింది. "ఒప్పుకోక ఏం చేత్తాడు" అంది చెల్లాయమ్మ.

సాయంత్రం ఊరికి తిరిగి వెళుతున్నాం. తారురోడ్డు అయిపోయే మలుపు దగ్గర ఆగాం. అక్కడి నుంచి ఊరి దాకా ఇంకా మట్టి ఎక్కుడే. వాన పడి ఎర్రటి బురద. సింగన్న పొట్టి గేరును ముందుకు తోశాడు. అరిగిన పన్ను అరిగినట్టే ఉంది కాబట్టి, సగం ఎక్కాక అది జారబోయింది. వెనక జనం కేకలు వేశారు.

చెల్లాయమ్మ చెయ్యి చాచి గేరు పట్టుకుంది. రెండు చేతులతో ముందుకు అదిమి, పళ్ళు బిగించి, ఒళ్ళంతా దాని మీదికి వంచి, ఊరు వచ్చేదాకా వదల్లేదు.

ఇప్పుడు వారం వారం ఇదే మా పద్ధతి. మట్టి మీద ఆమె పట్టుకుంటుంది, తారు మీద వదిలేస్తుంది. మస్తాను కొత్త పళ్ళచక్రం దొరికిందని ఒకసారి కబురు చేశాడు. వేయిస్తాలే, తొందరేముంది అంది చెల్లాయమ్మ. నాకూ తొందర లేదు. ఎక్కుడు మొదలైనప్పుడు, ఆమె అరచేయి వచ్చి పొట్టి గేరును అందుకున్నప్పుడు, ఇంత పాత ఇనుముకు కూడా కాస్త వెచ్చగా ఉంటుంది.